డేగలకు అండ: రోజలీ ఎడ్జ్

గద్ద, డేగ అనగానే తెలుగువారికి కోడిపిల్లను తన్నుకుపోయే గోళ్ళు గుర్తుకు వస్తాయి. మా ఉర్దూ శాఖ మిత్రులకు మాత్రం ఇక్బాల్ కవితలోని శాహీన్ స్ఫురిస్తుంది. ఒకే తెగ పక్షి ఒకచోట దొంగ, మరొకచోట వీరుడు. అమెరికాలో అది దొంగగా పరిగణింపబడిన రోజులలో దాని పక్షాన వాదించిన రోజలీ ఎడ్జ్ చరిత్రను విద్యార్థులకు పరిచయం చేయదలచాము.

ఆమె 1877లో న్యూయార్కు నగరంలో సంపన్న కుటుంబంలో జన్మించింది. స్త్రీల ఓటు హక్కు ఉద్యమంలో సభావాదమూ, కరపత్ర రచనా నేర్చింది. 1929లో, యాభై ఏళ్ళు దాటిన తరువాత, పక్షి సంరక్షకుల అలసత్వాన్ని ఎండగట్టిన ఒక కరపత్రం ఆమె కంట పడింది. ఆ ఏడే ఆడుబాన్ సంఘ వార్షిక సభలో పెద్దలను నిలదీసి, వేరుగా ఒక పరిరక్షణ సమితిని స్థాపించింది.

పాటపిట్టలు బ్రతకాలంటే డేగలు చావాలని నాటి పక్షి ప్రేమికులలోనే అనేకులు నమ్మేవారు. గోషాక్ అనే పెద్ద డేగను చంపినవారికి పెన్సిల్వేనియా ప్రభుత్వం 1929లో 5 డాలర్ల బహుమానం ప్రకటించింది. శరదృతువులో కిట్టటిన్ని కొండ మీదుగా దక్షిణానికి వలసపోయే డేగలు తుపాకులకు వేల సంఖ్యలో బలి అయ్యేవి. ప్రభుత్వ శాస్త్రజ్ఞుడు ఫిషర్ పక్షుల జీర్ణాశయాలను పరీక్షించి, డేగలలో అధిక జాతులు ఎలుకలను, కీటకాలను తిని రైతుకు మేలు చేసేవేనని 1893లోనే తేల్చాడు. వినినవారు తక్కువ.

అయితే ఇందులో ఒక చిక్కున్నది. కొన్ని డేగలు నిజముగనే పిట్టలను తింటాయి. 1937 నాటి పెన్సిల్వేనియా చట్టం తక్కిన వాటికి రక్షణ కల్పించి, అటువంటి మూడు జాతులను విడిచిపెట్టింది. ఈ న్యాయం ఎడ్జ్‌కు సమ్మతం కాలేదు. పిట్టను తినే డేగకు కూడా బ్రతికే హక్కున్నదనీ, ఏ జాతినైనా విరివిగా ఉన్నప్పుడే కాపాడాలనీ ఆమె వాదం. ఎలుకలను తినే డేగను సమర్థించుట ఎవరికైనా సులభమే. ఆమె ఘనత ఈ రెండవ వాదంలోనే ఉన్నదని మా అభిప్రాయం.

1934లో ఆమె ఆ కొండపై సుమారు 1,400 ఎకరాలు కౌలుకు తీసుకొని, మారిస్ బ్రౌన్, ఇర్మా దంపతులను కాపలా ఉంచింది. వేటగాళ్ళ బెదిరింపులకు వారు లొంగలేదు. ఆ శరత్తుతోనే అక్కడ కాల్పులు ఆగిపోయాయి. హాక్ మౌంటెన్ అభయారణ్యం వెలసింది. తుపాకులు పేలినచోట కూర్చుండి బ్రౌన్ ప్రతి ఏడూ వలస పక్షులను లెక్కింపసాగాడు.

ఆ లెక్కలు మరొక పనికి వచ్చాయి. 1935 తరువాతి తొలి సంవత్సరాలలో అక్కడ కనిపించిన తెల్లతల గరుడపక్షులలో నూటికి 40 ఏడాదిలోపు పిల్లలు. 1955-59 నాటికి అవి 20కి దిగాయి. పాటపిట్టలను కూల్చుతున్న డి.డి.టి. వంటి మందులే వీటి సంతానాన్నీ హరిస్తున్నవని చూపుటకు రేచల్ కార్సన్ 1962లో ప్రచురించిన గ్రంథంలో ఈ అంకెలను ఉదహరించింది. పిట్టకూ, డేగకూ శత్రువు ఒకటేనన్నమాట!

చట్టం విడిచిపెట్టిన ఆ మూడు జాతులకు సమాఖ్య రక్షణ 1972లో గాని లభింపలేదు. అప్పటికి ఎడ్జ్ లేదు. 1962 నవంబరులో టెక్సస్‌లో జరిగిన ఆడుబాన్ సభకు ఆమె హాజరు కాగా, ఒకనాడు తనను శత్రువుగా చూసిన ఆ సంఘమే లేచి నిలబడి కరతాళ ధ్వనులు చేసింది. మూడు వారాలకే ఆమె కన్నుమూసింది.