సత్యాసత్యాల నిగ్గు తేల్చిన గణితోపాధ్యాయుడు

లూయీ కారోల్ అనగానే అద్భుతలోకంలో విహరించిన ఆలిస్ అనే బాలిక కథ గుర్తుకు వస్తుంది. అయితే అది ఆయన కలం పేరు మాత్రమే. అసలు పేరు చార్లెస్ లుట్విడ్జ్ డాడ్సన్. వృత్తిరీత్యా లెక్కల ఉపాధ్యాయుడు. మనుషులు పలికే మాటలలో ఏది నిజమో, ఏది అబద్ధమో బుద్ధిబలంతో తేల్చుకొనే విద్యను పిల్లలకు అందజేయడానికి ఆయన తన చివరి సంవత్సరాలను ధారపోశారు.

డాడ్సన్ 1832 జనవరి 27న ఇంగ్లాండులోని చెషైర్ ప్రాంతంలో డార్స్‌బరీ గ్రామాన జన్మించారు. తండ్రి క్రైస్తవ మతాచార్యులు. పదకొండు మంది సంతానంలో ఆయన మూడవవారు, మగపిల్లలలో పెద్దవారు. బాల్యంలోనే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు కొత్త ఆటలు కల్పించి, చేతివ్రాత పత్రికలు నడిపి వారిని అలరించేవారు. మాట్లాడేటప్పుడు నత్తి అడ్డుపడేది. ఆ ఇబ్బంది జీవితాంతం ఆయనను వీడలేదు.

1851 జనవరిలో ఆక్స్‌ఫర్డులోని క్రైస్ట్ చర్చ్ కళాశాలకు వెళ్లిన కొద్ది రోజులకే తల్లి కన్నుమూశారు. ఆ దుఃఖాన్ని దిగమింగి చదువు సాగించి, 1854లో గణితంలో ప్రథమశ్రేణి సాధించారు. 1855 నుండి 1881 వరకు అదే కళాశాలలో గణితం బోధించారు. అక్కడి విద్యార్థులకు ఆయన పాఠాలు అంతగా రుచించలేదు. కానీ పిల్లల మధ్య కూర్చుంటే ఆయన వేరే మనిషి అయ్యేవారు. 1862 జూలై 4న కళాశాల అధిపతి కుమార్తెలతో పడవలో వెళ్తూ అల్లి చెప్పిన కథయే 1865లో ఆలిస్ పుస్తకంగా వెలువడింది.

కీర్తి వచ్చిన తరువాత ఆయన మనస్సు తర్కశాస్త్రం వైపు మళ్లింది. నాటి తర్కగ్రంథాలు పండితులకే కొరుకుడు పడనివి. వాటి సారాన్ని పిల్లల చేతికి ఆటవస్తువుగా ఇవ్వాలని ఆయన సంకల్పించారు. 1886లో ముద్రించిన తర్కక్రీడ అనే పుస్తకానికి ఒక గళ్ల అట్టను, తొమ్మిది బిళ్లలను జతచేశారు. వాటిలో నాలుగు ఎరుపు, అయిదు బూడిద రంగు. గడిలో ఎర్ర బిళ్ల ఉంటే అక్కడ ఏదో ఉన్నట్లు, బూడిద రంగు బిళ్ల ఉంటే ఆ గడి శూన్యమైనట్లు. ఆక్స్‌ఫర్డులోని బాలికల ఉన్నత పాఠశాలకు స్వయంగా వెళ్లి ఈ విద్యను బోధించారు.

1894లో ఆయన తన దినచర్య పుస్తకంలో ఒక చిక్కుప్రశ్నను వ్రాసుకొన్నారు. ముగ్గురు మనుషులున్నారు. రెండవవాడు అబద్ధమాడుతున్నాడని మొదటివాడు అంటాడు. మూడవవాడు అబద్ధమాడుతున్నాడని రెండవవాడు అంటాడు. మిగిలిన ఇద్దరూ అబద్ధమే ఆడుతున్నారని మూడవవాడు అంటాడు. ఈ ముగ్గురిలో సత్యవంతుడెవరు? పాఠకులు ముందుగా తామే యోచించి చూడవచ్చు.

మూడవవాని మాట నిజమనుకొందాం. అప్పుడు మొదటివాడు, రెండవవాడు ఇద్దరూ అబద్ధాలకోరులు కావాలి. కానీ రెండవవాడు అబద్ధాలకోరైతే, ఆ సంగతే చెప్పిన మొదటివాని మాట నిజమవుతుంది. ఇది పొసగదు. కనుక మూడవవాడు అబద్ధమాడుతున్నాడు. ఆ మాటే చెప్పిన రెండవవాడు సత్యవంతుడు. అతనిని నిందించిన మొదటివాడు కూడా అబద్ధాలకోరే. చెప్పినవాని ముఖం చూడకుండా, గొంతు వినకుండా, ఒక మాటను మరొక మాటతో సరిపోల్చి నిజాన్ని రాబట్టడమే ఇందులోని కిటుకు.

ఇది కేవలం కాలక్షేపమని ఆయన భావించలేదు. పుస్తకాలలో, వార్తాపత్రికలలో, ఉపన్యాసాలలో, చివరకు మతబోధలలో సైతం నిజం ముసుగు వేసుకొని వచ్చే తప్పుడు వాదాలను పసిగట్టే శక్తి ప్రతి బిడ్డకూ అలవడాలన్నదే ఆయన ఆశయం. 1896లో సింబాలిక్ లాజిక్ తొలి భాగాన్ని ప్రకటించారు. గణితగ్రంథాలకు సాధారణంగా అసలు పేరు పెట్టుకొనే ఆయన, దీనికి మాత్రం పిల్లలు ఎరిగిన లూయీ కారోల్ పేరే ఉంచారు.

రెండవ భాగం కోసం రేయింబవళ్లు శ్రమించారు. కానీ కాలం కలిసి రాలేదు. 1898 జనవరి 14న గిల్‌ఫర్డులోని తన అక్కచెల్లెళ్ల ఇంట న్యుమోనియాతో పరమపదించారు. అప్పటికి ఆయన వయస్సు 65 సంవత్సరాలు. పుస్తకం అసంపూర్ణంగా మిగిలిపోయింది. దాని ప్రూఫు కాగితాలు చెల్లాచెదురయ్యాయి. అమెరికా తత్వవేత్త విలియం బార్ట్‌లీ వాటిని వెదకి, కూర్చి, 1977లో వెలుగులోకి తెచ్చారు. అప్పటికి డాడ్సన్ మరణించి 79 సంవత్సరాలు గడిచాయి.

తడబడే నాలుకతో జీవితమంతా గడిపిన ఆ ఉపాధ్యాయుడు, వాక్చాతుర్యానికి లొంగని ఆలోచనను పిల్లలకు నేర్పాలని తపించారు. ముగ్గురు మనుషుల ఆ చిన్న చిక్కుప్రశ్నను విప్పడానికి పలకా బలపం కూడా అక్కరలేదు. ఇంటిలోని పిల్లలను ఒకసారి అడిగి చూస్తే చాలు, ఆయన కృషి ఎంత విలువైనదో బోధపడుతుంది.