పుస్తకంలో లేని కథ చెప్పిన లైబ్రేరియన్

నెహ్రూ నగర్, భిలాయి: ఉక్కు కర్మాగారం పనికి వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో పిల్లలు ఏడు చేపల కథను తెలుగులో వింటారు, బడిలో హిందీ, ఇంగ్లీషు చదువుతారు. నాయనమ్మ చెప్పిన కథ లైబ్రరీ బీరువాలో దొరకకపోతే అది అసలు కథే కాదేమోనని పిల్లలకు అనిపించడం సహజం. దాదాపు వందేళ్ల కిందట న్యూయార్క్‌లో ఒక లైబ్రరీ ఉద్యోగిని సరిగ్గా ఈ చిక్కునే పట్టించుకున్నారు. ఆమె పేరు పూరా బెల్ప్రే.

ఆమెది ప్యూర్టో రికోలోని సిద్రా. టీచరు కావాలని విశ్వవిద్యాలయంలో చేరారు. 1920లో అక్క ఎలీసా పెళ్లికని న్యూయార్క్ వెళ్లి అక్కడే ఉండిపోయారు. మొదట్లో బట్టల ఫ్యాక్టరీలో పనిచేశారు. హార్లెంలోని 135వ వీధి లైబ్రరీకి అప్పట్లో ఎర్నస్టీన్ రోజ్ అధికారి. చుట్టుపక్కలకు స్పానిష్ మాట్లాడేవాళ్లు ఎక్కువగా వస్తుండటంతో ఆ భాష తెలిసిన సహాయకురాలి కోసం ఆమె వెతికారు. ఉద్యోగం ముందు ఎలీసా దగ్గరికే వచ్చింది. భర్త ఒప్పుకోకపోవడంతో 1921లో అది చెల్లెలికి దక్కింది. ఒక మగవాడి అభ్యంతరం వల్ల ఒకరికి పోయిన అవకాశం మరొకరి జీవితమైంది. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో తొలి ప్యూర్టో రికన్ లైబ్రేరియన్ పూరాయే.

బీరువాల్లో దేశదేశాల జానపద కథలున్నాయి, తన దీవివి లేవు. లైబ్రరీ సైన్స్ చదివేటప్పుడు కథలు చెప్పే తరగతిలో ఆమె నాయనమ్మ దగ్గర విన్న కథను కాగితం మీద పెట్టారు. మార్తీనా అనే బొద్దింక తనను కోరి వచ్చిన వాళ్లందరినీ కాదని పెరెజ్ అనే ఎలుకను పెళ్లాడుతుంది. పండగకు ఆమె వండుతున్న పరమాన్నం లాంటి వంటకం రుచి చూడబోయి పెరెజ్ గిన్నెలో పడి చనిపోతాడు. పేదరాశి పెద్దమ్మ కథలు విన్నవాళ్లకు ఈ వరస కొత్తేమీ కాదు.

లైబ్రరీ కథల గంటకు ఒక నియమం ఉండేది. అచ్చయిన పుస్తకంలో ఉన్న కథే చెప్పాలి. నాణ్యత కాపాడటానికి పెట్టినదే అయినా, అచ్చు మొహం చూడని కథలున్న జాతులకు అది మూసిన తలుపు. పూరాకు మినహాయింపు ఇచ్చారు. పిల్లల ముందు చెప్పి చెప్పి నలిగిన ఆ కథే 1932లో ‘పెరెజ్ అండ్ మార్తీనా’గా పుస్తకమైంది. వేసింది బియాట్రిక్స్ పాటర్ పుస్తకాల ప్రచురణ సంస్థ ఫ్రెడరిక్ వార్న్. బొమ్మలు కార్లోస్ సాంచెజ్ గీశారు. పూరా బొమ్మలు వేయలేదు గానీ, కథలాడించే తోలుబొమ్మల్లాంటి చేతిబొమ్మలను తానే తయారుచేసుకునేవారు.

1929లో ఆమెను 115వ వీధి శాఖకు మార్చారు. అక్కడ రెండు భాషల్లో కథలు చెప్పారు, స్పానిష్ పుస్తకాలు తెప్పించారు, ముగ్గురు రాజుల పండగ జరిపించారు. ఇంగ్లీషు రాని తల్లులు కూడా లైబ్రరీ గడప తొక్కడం మొదలైంది.

ఉద్యోగం, రచన రెండూ ఆమె అవలీలగా నడిపారని చెప్పడం తేలిక. తేదీలు మాత్రం వేరే సంగతి చెబుతాయి. మొదటి పుస్తకం ఉద్యోగంలోంచే పుట్టింది, నిజమే. కానీ 1943లో నల్లజాతి వయొలిన్ విద్వాంసుడు క్లారెన్స్ కామెరాన్ వైట్‌ను పెళ్లాడాక ఆమె ఉద్యోగం వదిలి, ఆయన కచేరీల వెంట తిరుగుతూ రాసుకున్నారు. జానపద కథల సంపుటి ‘ది టైగర్ అండ్ ది రాబిట్’ ఆ దశాబ్దంలోనే వచ్చింది. 1960లో ఆయన పోయాక మళ్లీ లైబ్రరీకి వచ్చి, స్పానిష్ పిల్లల విభాగం నిపుణురాలిగా ఊరంతా తిరిగారు. 1968లో రిటైరైనా ఊరుకోలేదు. సౌత్ బ్రాంక్స్ లైబ్రరీ ప్రాజెక్టు పిలిస్తే బొమ్మలు పట్టుకుని వెళ్లారు.

1982 జులై 1న కన్నుమూశారు. లాటినో పిల్లల పుస్తకాల రచయితలకు, చిత్రకారులకు ఇచ్చే పురస్కారానికి 1996 నుంచి ఆమె పేరే. ఎప్పుడో 1940ల్లో రాసి పెట్టుకున్న ఆమె నవల ‘ఫైర్‌ఫ్లై సమ్మర్’ అచ్చయింది కూడా ఆ ఏడాదే.