పాటకు తలుపు తీసిన నాగరత్నమ్మ

కామారెడ్డిలో సంగీతం నేర్చుకునే అమ్మాయి త్యాగరాజ కీర్తన పాడి, రికార్డు చేసి పదిమందికీ వినిపించాలనుకుంటే ఎవరి అనుమతి తీసుకోవాలి? ఎల్లారెడ్డిలో నవమి భజనకు అదే కీర్తన పాడుకునే ఆడవాళ్లు ఎవరికైనా డబ్బు కట్టాలా? అక్కర్లేదు. రచయిత పోయాక అరవై ఏళ్ల వరకే రచన మీద హక్కులుంటాయని మన కాపీరైట్ చట్టం చెబుతోంది. త్యాగరాజస్వామి పోయింది 1847లో. ఆయన కీర్తనలు అందరి సొత్తు.

మరి అందరి సొత్తయిన పాటను ఆడవాళ్లనూ పాడనిచ్చారా? ఆ మాట తేల్చుకోవడానికే బెంగుళూరు నాగరత్నమ్మ సగం జీవితం ధారపోశారు.

ఆమె 1878లో మైసూరు సీమలోని నంజనగూడులో దేవదాసి కుటుంబంలో పుట్టారు. తండ్రి పట్టించుకోకపోయినా తల్లి పుట్టలక్ష్మి పట్టుబట్టి చదువూ సంగీతమూ చెప్పించింది. మద్రాసు చేరాక కచేరీలతో పేరూ డబ్బూ వచ్చాయి. గ్రామఫోన్ రికార్డులూ ఇచ్చారు.

ముద్దుపళని 18వ శతాబ్దంలో రాసిన రాధికా సాంత్వనము అప్పటికే అచ్చయినా, అందులో కొన్ని పద్యాలూ, కవయిత్రి తన గురించి చెప్పుకున్న భాగమూ తీసేశారు. నాగరత్నమ్మ రాతప్రతి సంపాదించి 1910లో మొత్తం అచ్చు వేయించారు. ఆడది శృంగారం రాయడమేమిటి, దాన్ని ఇంకో ఆడది అచ్చు వేయించడమేమిటి అని పెద్దలు మండిపడ్డారు. ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. ఎవరైనా అచ్చు వేసుకోదగ్గ పాత కావ్యం ఎవరూ చదవకూడనిదైంది! టంగుటూరి ప్రకాశం మద్రాసు ప్రభుత్వాన్ని నడిపిన రోజుల్లో గానీ ఆ నిషేధం తొలగలేదు.

తిరువయ్యారులో త్యాగరాజు సమాధి పాడుబడిందని 1921లో తెలిసింది. ఆ స్థలం కొని, సొంత సంపాదనతో గుడి కట్టించారు. 1925లో కుంభాభిషేకం జరిగింది. అంత చేసినా ఆరాధనలో ఆడవాళ్లు పాడటానికి వీల్లేదన్నారు. ఆమె ఊరుకోలేదు. ఆడవాళ్లతోనే వేరుగా ఆరాధన జరిపించారు. చివరికి 1940 ప్రాంతంలో వర్గాలన్నీ ఒకటయ్యాక ఆడామగా అక్కడే పాడసాగారు. ఆస్తినంతా ఆ సమాధికే రాసి, 1952లో కన్నుమూశారు. ఆమె సమాధి కూడా అక్కడే ఉంది.

రికార్డు సంగతి మాత్రం వేరు. కీర్తన అందరిదే అయినా, ఈ మధ్య ఒక గాయని పాడిన రికార్డింగుకు హక్కుదారులుంటారు. విడుదలైన తర్వాతి ఏడాది నుంచి అరవై ఏళ్లు దాన్ని అడగకుండా వాడుకోకూడదు. నాగరత్నమ్మ బతికుండగా వెలువడిన రికార్డులకు ఆ గడువు ఎప్పుడో తీరిపోయింది.

కాబట్టి కామారెడ్డి అమ్మాయి మరొకరి క్యాసెట్టునో సీడీనో కాపీ చేయకుండా తన గొంతుతో తాను పాడితే అడ్డు చెప్పేవారెవరూ లేరు. గడువు తీరితే హక్కు చట్టమే ఇస్తుంది. ఆడవాళ్లకు ఆ గుమ్మంలో చోటు మాత్రం ఒక ఆడమనిషి నగానట్రా కరిగించి సంపాదించి పెట్టింది.