భూమి తిరుగుతోందని చెప్పేందుకు 30 ఏళ్లు ఆగారు.. పుస్తకం చేతికొచ్చిన రోజే కన్నుమూశారు!

పొద్దున్నే సూర్యుడు తూర్పున వస్తాడు.. సాయంత్రానికి పడమట దిగిపోతాడు. మనం మాత్రం ఉన్నచోటే ఉంటాం. మరి తిరిగేది ఎవరు? కళ్లు చెప్పేది ఒకటే.. సూర్యుడే! ప్రపంచంలో ఎక్కువమంది వేల ఏళ్లు ఇదే నమ్మారు. ఆ నమ్మకాన్ని తలకిందులు చేసిన వ్యక్తి నికోలస్ కోపర్నికస్. అయితే ఈ మాట అచ్చులో పెట్టడానికి ఆయన దాదాపు మూడు దశాబ్దాలు వెనకాడారు. ఎందుకో తెలుసా?

మేనమామ పెంపకంలో..

కోపర్నికస్ 1473 ఫిబ్రవరి 19న పోలండ్‌లోని టోరున్ పట్టణంలో ఓ వ్యాపారి ఇంట పుట్టారు. పదేళ్ల వయసులోనే తండ్రి చనిపోయారు. దాంతో మేనమామ లూకాస్ చేరదీసి చదివించారు. ఆ మేనమామే తర్వాత బిషప్ అయ్యారు. క్రాకోలో చదువు మొదలుపెట్టిన కోపర్నికస్, ఇటలీ వెళ్లి చర్చి చట్టం, వైద్యం రెండూ నేర్చుకున్నారు. తిరిగొచ్చాక ఫ్రోంబోర్క్ చర్చిలో ఉద్యోగం. భూముల లెక్కలు చూడటం, రోగులకు మందులివ్వడం.. పగలంతా ఇదే పని. యుద్ధం వచ్చినప్పుడు ఓల్‌స్టిన్ కోట రక్షణ బాధ్యత కూడా ఆయనపైనే పడింది. రాత్రయితే మాత్రం చూపంతా ఆకాశం మీదే. అప్పటికి టెలిస్కోప్ లేదు. కంటి చూపు, కోణాలు కొలిచే చెక్క పరికరాలే ఆధారం.

అంగారకుడు వెనక్కి ఎందుకు నడుస్తాడు?

అసలు చిక్కు ఇక్కడే వచ్చింది. అంగారకుడిని రోజూ గమనిస్తే నక్షత్రాల మధ్య ముందుకు వెళ్తూ వెళ్తూ.. ఒక దశలో ఆగి, కొన్ని వారాలు వెనక్కి నడిచి, మళ్లీ ముందుకు సాగుతాడు. భూమి మధ్యలో కదలకుండా ఉందనుకుంటే దీన్ని వివరించడం కష్టం. అందుకే పాతకాలపు పండితుడు టాలెమీ పెద్ద వలయాల మీద చిన్న వలయాలు పెట్టి లెక్కలు కట్టారు.

కోపర్నికస్ మరోలా ఆలోచించారు. హైవే మీద మన బస్సు పక్కనున్న లారీని ఓవర్‌టేక్ చేస్తుంటే.. ఆ లారీ కాసేపు వెనక్కి జారుతున్నట్టు కనిపిస్తుంది కదా! ఇదీ అంతే. సూర్యుడి చుట్టూ వేగంగా తిరిగే భూమి, నెమ్మదిగా వెళ్లే అంగారకుడిని దాటేటప్పుడు అలా అనిపిస్తుందన్నమాట. భూమి కూడా ఓ గ్రహమే అనుకోగానే మిగతావీ వరుసలో కూర్చున్నాయి. దగ్గరగా ఉన్న బుధుడికి ఒక చుట్టు 88 రోజులు. దూరంగా ఉన్న శనికి 29 ఏళ్లకు పైనే.

భయం దేనికి?

1514 నాటికే ఈ ఆలోచనను చిన్న రాతప్రతిగా రాసి కొద్దిమంది స్నేహితులకు మాత్రమే ఇచ్చారు. అచ్చు వేయలేదు. చర్చికి భయపడ్డారని చాలామంది అనుకుంటారు. కానీ పండితులు నవ్వుతారేమో అన్నదే తన భయమని పుస్తకం ముందుమాటలో ఆయనే రాసుకున్నారు. నిజానికి ఆ పుస్తకాన్ని అంకితమిచ్చింది పోప్‌కే! భూమి తిరిగితే పైకి విసిరిన రాయి వెనకబడిపోదా? భూమి చోటు మారితే నక్షత్రాల స్థానం కూడా కాస్త మారాలి కదా? ఈ ప్రశ్నలకు అప్పట్లో తిరుగులేని రుజువు ఎవరి దగ్గరా లేదు. నక్షత్రాలు ఊహకందనంత దూరంలో ఉండటం వల్లే ఆ మార్పు కనిపించడం లేదన్నది కోపర్నికస్ జవాబు.

25 ఏళ్ల కుర్రాడొచ్చాడు..

1539లో రెటికస్ అనే 25 ఏళ్ల గణిత ఉపాధ్యాయుడు జర్మనీ నుంచి వెతుక్కుంటూ వచ్చాడు. అతడు ప్రొటెస్టెంట్.. కోపర్నికస్ క్యాథలిక్. అయినా ఇద్దరికీ కుదిరింది. ఆ కుర్రాడి పట్టుదలతోనే పెద్దాయన చివరికి ఒప్పుకున్నారు. న్యూరెంబర్గ్‌లో అచ్చు మొదలైంది. ఇంతలో పక్షవాతం వచ్చి కోపర్నికస్ మంచాన పడ్డారు. ఈలోగా అచ్చు పని చూస్తున్న ఒసియాండర్.. ఇదంతా లెక్కల సౌకర్యం కోసమే తప్ప నిజం కానక్కర్లేదంటూ పేరు లేకుండా ఓ ముందుమాట చేర్చేశాడు. 1543 మే 24న, 70 ఏళ్ల వయసులో కోపర్నికస్ కన్నుమూశారు. పూర్తయిన పుస్తకం ఆ రోజే ఆయన కంటపడిందని స్నేహితుడు గీస లేఖ ద్వారా తెలుస్తోంది.

రుజువుకు 295 ఏళ్లు

ఆయన చెప్పినవన్నీ కరెక్ట్ కాదు. గ్రహాల దారి గుండ్రమనుకున్నారు. అది దీర్ఘవృత్తమని 1609లో కెప్లర్ తేల్చారు. 1616లో చర్చి ఆ పుస్తకాన్ని సవరణలు చేసేదాకా ఆపేసింది. నక్షత్రం స్థానంలో ఆ చిన్న మార్పును జర్మనీ శాస్త్రవేత్త బెస్సెల్ 1838లో కొలిచి చూపించారు. అంటే కోపర్నికస్ పోయిన 295 ఏళ్లకు! నక్షత్రాల దూరం గురించి ఆయన చెప్పిందే నిజమైంది.

ఇంతకీ ఆయన సమాధి ఎక్కడో కూడా చాలాకాలం ఎవరికీ తెలియదు. 2005లో ఫ్రోంబోర్క్ చర్చి నేల కింద ఎముకలు దొరికాయి. ఆయన వాడిన పుస్తకంలో చిక్కుకున్న వెంట్రుకల డీఎన్ఏతో అవి సరిపోయాయి. 2010 మే 22న అదే చర్చిలో గౌరవంగా మళ్లీ ఖననం చేశారు. సమాధి రాయిపై సూర్యుడు, చుట్టూ గ్రహాల బొమ్మ చెక్కారు.

ఆయన సూర్యుడిని మధ్యలో పెట్టారు. ఆ సూర్యుడు కూడా పాలపుంత కేంద్రానికి సుమారు 26 వేల కాంతి సంవత్సరాల దూరంలో ఓ పక్కన ఉన్నాడని ఇప్పుడు తెలుసు. అన్నట్టు.. భూమి సెకనుకు దాదాపు 30 కిలోమీటర్ల వేగంతో పోతోంది. ఇది చదవడానికి మీకు మూడు నిమిషాలు పట్టిందనుకుంటే.. కూర్చున్న చోటు నుంచి కదలకుండానే 5 వేల కిలోమీటర్లు దాటేశారు!