ధ్రువతారను నమ్మిన నవాబు

హిందూపురం నుండి పెనుకొండ మీదుగా ధర్మవరం వెళ్ళే బాటసారి రాత్రివేళ ఉత్తరదిక్కుకు చూచినచో, దిగంతానికి సుమారు 14 డిగ్రీల ఎత్తున ధ్రువతార కనిపిస్తుంది. హైదరాబాదులో అదే తార 17 డిగ్రీలకు పైగా లేచి ఉంటుంది. ఏ ఊరి అక్షాంశం ఎంతయో ఆ ఊరిలో ధ్రువం ఎత్తు అంత. ఖగోళ పరిశీలకుని దుర్భిణి నిలిచేది ఈ చిన్న సూత్రం మీదనే. దానిని నమ్మి తన ధనాన్ని వెచ్చించి, పూర్తి ఫలితం చూడకనే కన్నుమూసిన ఒక మహనీయుని చరిత్రను మన విద్యార్థుల ముందుంచుతున్నాము.

ఆయన నవాబ్ జఫర్ జంగ్ బహదూర్. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కొలువులో రక్షణ మంత్రిగా ఉన్న ప్రభువంశీయుడు. ఇంగ్లండులో శిక్షణ పొందిన ఆయనకు భోగభాగ్యాలకంటె నక్షత్రశాస్త్రం మీదనే మక్కువ కలిగింది. 1901లో 15 అంగుళాల కటకం గల గ్రబ్ దుర్భిణిని కొని, హైదరాబాదులోని ఫిసల్‌బండ వద్ద తన ఎస్టేటులో వేధశాలను నెలకొల్పారు. దానికి తన పేరు పెట్టుకొనలేదు. ప్రభువు అనుమతి పొంది నిజామియా అని నామకరణం చేశారు. నక్షత్రాల ఛాయాచిత్రాలు తీయుటకు 8 అంగుళాల కుక్ దుర్భిణిని కూడ సమకూర్చారు.

అయితే దుర్భిణిని కొన్నంత మాత్రాన పని నెరవేరదు. భూమి తిరుగుటచేత తారలన్నీ తూర్పు నుండి పడమరకు కదలుచున్నట్లు తోస్తాయి. వాటి వెంట దుర్భిణి తిరగవలెనంటే దాని పీఠంలోని ఒక ఇరుసు భూమి అక్షానికి సమాంతరంగా ఉండవలెను. ధ్రువతార నిజధ్రువం కాదు. 1901 నాటికి అది ధ్రువబిందువునకు డిగ్రీకి మించిన దూరంలో ఉండేది, నేడు ముప్పావు డిగ్రీ కంటె తక్కువ. కనుక తారను చూచి ఇరుసును నిలిపిన తరువాత కూడ సవరణ కావలెను. దక్షిణోత్తర రేఖ దగ్గరి ఒక తారను చాలసేపు గమనిస్తారు. అది ఉత్తరానికో దక్షిణానికో జారినచో పీఠాన్ని తూర్పు పడమరలకు కొద్దిగా జరుపుతారు. తూర్పున ఉన్న తార జారినచో ఇరుసు ఎత్తును సరిచేస్తారు. ఈ ఓర్పు లేనిచో ఛాయాచిత్రంలో చుక్కలు గీతలవుతాయి. పడుగు సరిగా సాగనిదే పట్టుచీర సరిగా రాదని ధర్మవరం మగ్గం ఎరిగినవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

1907లో నవాబు పరమపదించారు. ఆయన కోరిక మేరకు 1908లో నిజాం ప్రభుత్వం వేధశాలను స్వీకరించింది. ఆర్థర్ చాట్‌వుడ్ మొదటి డైరెక్టరై, బేగంపేటలో పనిని ప్రారంభించారు. 1914లో పోకాక్, ఆ తరువాత తమిళ దేశీయులైన టి. పి. భాస్కరన్ దానిని కొనసాగించారు. 1919లో వేధశాల ఉస్మానియా విశ్వవిద్యాలయం క్రిందికి వచ్చింది. 1901లో కొన్న పెద్ద దుర్భిణి పనిచేయనారంభించినది 1922లో! కొన్నవారు పోయి అప్పటికి 15 సంవత్సరాలు.

అయినను ఆ దానం వ్యర్థం కాలేదు. 1887లో పారిస్‌లో సంకల్పించిన అంతర్జాతీయ ఆకాశపట నిర్మాణంలో హైదరాబాదు పాలుపంచుకొని, 7 లక్షలకు పైగా తారల స్థానాలను నమోదు చేసింది. ఆ వేధశాల ఉద్యోగి కుమారుడైన వేణు బాప్పు అక్కడి దుర్భిణుల నీడలో పెరిగి, భారత ఖగోళశాస్త్రానికి తలమానికమైనారు.

ఒక ముస్లిం ప్రభువు కొన్న దుర్భిణిని ఆంగ్లేయుడు నిలిపాడు, తమిళుడు నడిపాడు. ధ్రువం అందరికీ ఒక్కటే. ధనం ఉన్నవారు పరికరాన్ని కొనగలరు. దాని ఇరుసును సరియైన దిశకు నిలిపే ఓర్పు మాత్రం విద్యార్థి సంపాదించుకొనవలసినదే. తాము చూడబోని ఫలితానికి పునాది వేసే ఔదార్యం మన కళాశాల పెద్దలకు, ఆ పునాదిపై కట్టే శ్రద్ధ మన విద్యార్థులకు కలుగుగాక అని ఆశిస్తున్నాము.