ఖాళీ ఖజానా నుంచి 17 జిల్లాల దాకా: మొదటి సాలార్ జంగ్ లెక్క

సాలార్ జంగ్ అనగానే అందరికీ మ్యూజియమే గుర్తుకొస్తుంది. అందులోని వస్తువుల్లో ఎక్కువ భాగం సేకరించింది మూడో సాలార్ జంగ్. ఆయన తాత మీర్ తురాబ్ అలీ ఖాన్. ఈయనే మొదటి సాలార్ జంగ్. 30 ఏళ్లు దివాన్‌గా ఉండి హైదరాబాద్ రాజ్యాన్ని అప్పుల్లోంచి గట్టెక్కించిన మనిషి.

1829లో పుట్టిన ఆయన 1853లో, 24 ఏళ్ల వయసులో దివాన్ అయ్యారు. అప్పటిదాకా దివాన్‌గా ఉన్న తండ్రి సోదరుడు సిరాజ్-ఉల్-ముల్క్ చనిపోవడంతో ఆ బాధ్యత ఆయన మీద పడింది. కొద్ది రోజుల ముందే బ్రిటిష్ వాళ్లు కంటింజెంట్ సైన్యం ఖర్చుల బకాయి పేరుతో బేరార్, ధారాశివ్, రాయచూర్ దోఆబ్ ప్రాంతాలను తమ చేతికి తీసుకున్నారు. ఖజానా ఖాళీ. ఊళ్లలో శిస్తు వసూలును గుత్తకిచ్చేవారు. గుత్తేదారు రైతు దగ్గర ఎంత పిండాడో, సర్కారుకు ఎంత కట్టాడో సరైన లెక్క ఉండేది కాదు. అప్పులిచ్చిన అరబ్బు జమేదార్లు, రోహిల్లాలు కూడా కొన్ని తాలూకాలను గుప్పిట్లో పెట్టుకున్నారు.

సాలార్ జంగ్ ముందు రెండు లక్ష్యాలున్నాయి. రాజ్యం తన కాళ్ల మీద తాను నిలబడాలి. పోయిన బేరార్ తిరిగి రావాలి. మొదటిది కాకుండా రెండోది అడగడానికి కూడా ముఖం ఉండదని ఆయనకు తెలుసు. అందుకే ముందు శిస్తు మీద పడ్డారు. తాకట్టులో ఉన్న తాలూకాలను ఒక్కొక్కటిగా విడిపించారు. గుత్తేదార్ల చోట జీతం తీసుకునే తాలూక్‌దార్లను పెట్టారు.

1857లో ఆయన బ్రిటిష్ వైపే నిలిచారు. తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ నాయకత్వంలో రెసిడెన్సీ మీద జరిగిన దాడి విఫలమైంది. ఈ విషయంలో ఆయన మీద విమర్శ ఇప్పటికీ ఉంది. 1860లో బ్రిటిష్ వాళ్లు ధారాశివ్, రాయచూర్ దోఆబ్ తిరిగిచ్చి, 50 లక్షల అప్పు రద్దు చేశారు. బేరార్ మాత్రం ఇవ్వలేదు.

తర్వాత అసలు పని మొదలైంది. 1865లో జిలాబందీ తెచ్చారు. 1867 నాటికి రాజ్యాన్ని 5 విభాగాలు, 17 జిల్లాలుగా విడదీశారు. విభాగానికి సదర్ తాలూక్‌దారు, జిల్లాకు తాలూక్‌దారు, తాలూకాకు తహసీల్దారు. ఏ ప్రాంతంలో వసూలు తగ్గినా ఎవరిని అడగాలో స్పష్టంగా తేలిపోయింది. 1868లో రెవెన్యూ, న్యాయం, పోలీసు, ఇతర శాఖలను నలుగురు సదర్-ఉల్-మహామ్‌లకు అప్పగించారు. దారుల్ ఉలూమ్, మదర్సా-ఎ-ఆలియా లాంటి విద్యాసంస్థలు ఆయన కాలంలోనే వచ్చాయి. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు నడిచింది.

ఇంత పనికి చదువుకున్న అధికారులు చాల్లేదు. ఉత్తరాది నుంచి సయ్యద్ హుస్సేన్ బిల్‌గ్రామీ, మొహ్సిన్-ఉల్-ముల్క్ లాంటి సమర్థులను పిలిపించారు. పని సాగింది గానీ, స్థానికుల్లో అసంతృప్తి కూడా మొదలైంది. ముల్కీ, నాన్-ముల్కీ అనే ఆ తగాదా తెలంగాణ ఉద్యమం దాకా వినిపిస్తూనే వచ్చింది.

1869లో రెండున్నరేళ్ల మహబూబ్ అలీ ఖాన్ నిజాం కావడంతో సాలార్ జంగ్ సహ రీజెంట్ అయ్యారు. బేరార్ కోసం లేఖల మీద లేఖలు రాశారు. 1876లో ఇంగ్లండ్ దాకా వెళ్లారు. దారిలో పారిస్‌లో జారిపడి కాలు విరిగినా ప్రయాణం ఆపలేదు. ఆక్స్‌ఫర్డ్ గౌరవ డాక్టరేట్ ఇచ్చింది, విందులు జరిగాయి. బేరార్ మాత్రం దక్కలేదు. మ్యూజియంలో అందరూ ఆగి చూసే ముసుగు రెబెక్కా పాలరాతి శిల్పం ఆ యాత్రలోనే ఆయన రోమ్‌లో కొన్నది.

1883 ఫిబ్రవరి 8న కలరాతో సాలార్ జంగ్ కన్నుమూశారు. పాతబస్తీలోని దాయిరా మీర్ మోమిన్‌లో ఖననం చేశారు. 1902లో బేరార్‌ను బ్రిటిష్ వాళ్లు ఏడాదికి 25 లక్షలకు శాశ్వత కౌలు కింద తీసేసుకున్నారు. తన చేతిలో ఉన్న పనిని తాలూకా తాలూకాగా లెక్కగట్టి సాధించిన మనిషికి, ఎదుటివాళ్ల చేతిలో ఉన్న ఆ ఒక్కటీ చివరిదాకా అందలేదు. ఆయన వేసిన జిల్లాల పాలన మాత్రం నిజాం రాజ్యం ముగిసేదాకా నడిచింది.