కలియుగ భీముని కడపటి వత్సరములు

మన సీమలో బలిష్ఠుడైన పిల్లవానిని చూచినపుడు కోడి రామమూర్తి పేరు తలపని పెద్దలు అరుదు. ఏనుగును ఱొమ్ముపై నిలుపుకొన్న కథయు, మోటారుకార్లను కదలనీయక పట్టిన కథయు మన గ్రంథాలయమునకు వచ్చు బాలురు సైతము ఒప్పజెప్పగలరు. కాలు పోయిన పిమ్మట ఆయన గడపిన దినములను గూర్చి మాత్రము ఎవరును మాటాడరు. లెక్కలు వ్రాయుటయే వృత్తిగాగల నాకు ఈ చరిత్ర జమ మాత్రమే వ్రాసి ఖర్చు విడిచిన చిట్టావలె తోచుచుండును.

నాయుడుగారు వీరఘట్టములో జన్మించిరి. 1882 అని కొందరును, 1883 అని కొందరును వ్రాసియున్నారు. ఆ ఊరు అప్పుడు విశాఖపట్టణము జిల్లాలోనిది. 2022లో ఏర్పడిన పార్వతీపురము మన్యము జిల్లాలో చేరినది. తల్లి చిన్ననాడే గతించుటచే తండ్రి వెంకన్న నాయుడుగారు కుమారుని విజయనగరమున పినతండ్రి నారాయణస్వామిగారి యింటికి పంపిరి. బాలునికి చదువుకంటె సాముపై మక్కువ హెచ్చు. విజయనగరమనగానే మనకు సంగీతము, హరికథ స్ఫురించును గాని, తాలింఖానాలు లేని విజయనగరమును నాటివారు ఊహింపజాలరు. దండీలు, బస్కీలు, కుస్తీ అక్కడనే పట్టుబడినవి. తరువాత మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది వచ్చి, విజయనగరమున వ్యాయామోపాధ్యాయులైరి.

ఆ కొలువు ఆయనకు చాలలేదు. సర్కసు కంపెనీ నెలకొల్పి దేశమంతట తిరిగిరి. ఇనుప గొలుసును దేహమునకు చుట్టించుకొని, ఊపిరి పూరించి తెంపుట, ఇరువైపుల కట్టిన కార్లను నిలుపుట, ఱొమ్ముపై పలక వేయించుకొని దానిమీదుగా ఏనుగును నడిపించుట ఆయన విద్యలు. ఉత్తరాదివారు ప్రొఫెసర్ రామమూర్తి యనిరి. లండనులో ఐదవ జార్జి చక్రవర్తి యెదుట బలప్రదర్శన గావించి ఇండియన్ హెర్క్యులిస్ అను బిరుదు పొందిరి. మాంసము ముట్టక, ప్రాణాయామము విడువక ఇంతటి బలము సాధించుట నాటివారికి మిక్కిలి ఆశ్చర్యము గొల్పెను.

కారును పట్టినది చేతులే యని చూచువారు తలంతురు. కారు లాగునపుడు భారమంతయు నడుము మీదుగా దిగి పాదములకు చేరును. మడమ నేలలో నాటుకొన్నంత వరకే చేయి నిలుచును. అట్టి కాలికి పుండు లేచి, మానక, చివరకు కాలు తీసివేయవలసి వచ్చెను. ఆ శస్త్రచికిత్సలో మత్తుమందు వలదని, ప్రాణాయామముచే బాధ నోర్చుకొనిరని ప్రతీతి. లోకము ఆ శస్త్రచికిత్సను సైతము ఒక ప్రదర్శనగా మలచుకొన్నది. తరువాతి దినములను అట్లు మలచుట ఎవరి తరమును కాలేదు. కంపెనీకి ప్రధానమైన అంశము ఆయన దేహమే. అది నిలిచిన దినమే రాబడియు నిలుచును గదా.

విరాటుని కొలువులో భీముడు వలలుడై వంటశాలలో ఒక సంవత్సరము గడపెను. పాండవులు ఆయుధములను జమ్మిచెట్టుపై దాచిరి; గడువు తీరగానే దింపుకొనిరి. దేహమే ఆయుధమైన వానికి జమ్మిచెట్టు లేదు.

అమెరికా ముష్టియోధుడు మహమ్మద్ అలీ చరిత్ర దీనికి సాక్ష్యము. 1967లో వియత్నాం యుద్ధమునకు సైన్యములో చేరనని నిరాకరించినందున అతని జగజ్జెట్టి బిరుదును హరించి, పోటీలకు అనుమతి లేకుండజేసిరి. అప్పటికి వయస్సు 25. మూడున్నర సంవత్సరముల బలవంతపు విరామానంతరము, 1970 అక్టోబరులో అట్లాంటాలో మరల బరిలో దిగెను. 1971 మార్చిలో జో ఫ్రేజియరు చేతిలో తొలిసారి ఓడెను. మునుపు పాదవేగముచే దెబ్బను తప్పించుకొన్నవాడు, ఆపై దెబ్బల నోర్చి గెలువవలసినవాడయ్యెను. 1974లో కిన్షాసాలో తాళ్లకు ఆనుకొని, జార్జి ఫోర్‌మన్ కొట్టికొట్టి అలసినంతవరకు ఓర్చి, బిరుదును మరల గెలిచెను. కోల్పోయిన యౌవనము తిరిగి రాలేదు. కాని కీర్తి మునుపటికంటె పెరిగినది. విరామమునకు ముందరి పోటీలును, తరువాతి పోటీలును చిత్రములలో నిలిచియున్నవి గనుక ఏమి పోయినదో, ఏమి మిగిలినదో నేటికిని సరిచూచుకొనవచ్చును.

నాయుడుగారికి రెండవ పుట లేదు. ఆయన విద్యలకు ప్రతిపక్షి లేడు, తీర్పరి లేడు, తూనిక లేదు. మన ఊసవానిపేట బిడ్డ కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్సులో 110, 130 కిలోలు ఎత్తి, మొత్తము 240 కిలోలతో కాంస్యపతకము గెలిచెను. ఆ అంకెను ఎవరు ఎన్ని మార్లు చెప్పినను 240గానే యుండును. రామమూర్తిగారి ఏనుగు చెప్పిన కొలది బరువెక్కుచున్నది. ఆయన మరల బరిలోనికి వచ్చి, పూర్వము ఎత్తినదానిలో సగమే ఎత్తియున్నచో, ఆ సగముచేతనే పూర్వబలము ఎంతటిదో తెలిసియుండెడిది. అట్టి యవకాశము ఆ పుండు ఆయనకు మిగుల్చలేదు.

కడపటి కాలము ఒరిస్సాలోని బలంగీరులో, స్వదేశ సంస్థానాధీశుల ఆదరమున గడచినది. 1942 జనవరిలో అక్కడనే కన్నుమూసిరి. ఎందరి కేరింతలనో విన్న మనిషి తన తాలింఖానాకు దూరముగా, కొండలకావల, ఆ నిశ్శబ్దమును ఎట్లు భరించెనో యని నేను అనేక పర్యాయములు ఆలోచించితిని. నా దృష్టిలో ఏనుగుకంటె అది పెద్ద బరువు.

శ్రీకాకుళములోని క్రీడామైదానమునకు ఆయన పేరు పెట్టిరి. విశాఖపట్టణము సముద్రతీరమున ఆయన విగ్రహమున్నది. అక్కడ ఆయన రెండు కాళ్లపైన నిలిచియున్నారు.